ఒకే అంశానికి రెండు దరఖాస్తులు

మాబున్ని మా ఇంటికొస్తానని ఫోన్ చేసినప్పటి నుంచి నేను ఇల్లు సర్దుతూనే ఉన్నాను. సోఫా మీది గుడ్డలు మార్చాను. రిటైరైనప్పుడు కాలేజీ వాళ్ళిచ్చిన జ్ఞాపికలను షోకేసులో ముందు వరసకు జరిపాను. మందుల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమెకు షుగరు లేదట, బీపీ లేదట, మోకాళ్ళ నొప్పులు కూడా లేవట. నా మందులు ఆమె కంట పడకూడదు. "సదువుకున్నప్పటి స్నేహితురాలు వస్తాంటే సంతోషపడాల గానీ, పెండ్లిచూపులకు మాదిరి ఈ సర్దుడేంది?" అని మా ఆయన నవ్వాడు. ఆయనకేం తెలుసు! మాబున్ని పేరు వింటే నాకు ఇప్పటికీ కడుపులో సన్నగా మంట లేస్తుంది. ఆమె అంటే నాకు ఇష్టమూ ఉంది, కుళ్ళూ ఉంది. ఇన్నేళ్ళలో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఏరి పక్కన పెట్టడం నా చేత కాలేదు.

ఫోన్‌లో ఆమె అడిగింది ఒక్కటే. "సరోజా, మాయమ్మ పాటలు నువ్వు టేపులో పట్టింటివి గదా. చెడిపోయిందంటివి. చెడిపోయినా పర్వాలేదుమే, ఆ క్యాసెట్టు నాకియ్యి. ఇప్పుడు ఎట్లాంటిదైనా బాగుజేసి ఇస్తాండారంట. మీయమ్మ గొంతు ఎట్లుండేదని మా మనవరాలు అడిగితే చెప్పనీక రాలేదు నాకు. ఫోటో గూడా లేకపాయ." మాబున్ని వాళ్ళమ్మ హుసేన్‌బీ మేము ఎం.ఏ. ముగించిన రెండో ఏడే పోయింది. ఫోన్లలో గొంతులు దాచుకునే కాలం కాదది. ఆమె గొంతు ఈ లోకంలో మిగిలింది నా దగ్గరున్న ఒక్క క్యాసెట్టులోనే. నిజం చెప్పాలంటే అది చెడిపోలేదు. హుసేన్‌బీ పోయినప్పుడు మాబున్ని వచ్చి అడిగితే చెడిపోయిందని నేను అబద్ధం చెప్పాను. అందులో పాటలన్నీ అయిపోయినాక హుసేన్‌బీ నన్నొక మాట అడుగుతుంది. నేను జవాబు చెబుతాను. ఆ జవాబు మాబున్ని చెవిన పడకూడదని ఇంతకాలం దాన్ని చీరల అడుగున దాచాను. ఇప్పుడు ఆమె కర్నూలు పక్క కల్లూరుకు, మా గుమ్మంలోకి వస్తోంది. ఇవ్వాలా, ఇంకో అబద్ధం చెప్పాలా అన్నది వస్తానన్న పొద్దుటికి కూడా తేల్చుకోలేకపోయాను.

మా ఇద్దరిదీ ఒకే ఊరు. కమలాపురంలో బస్సు దిగి లోపలికి పోవాలి. మాది భూములున్న ఇల్లు. హుసేన్‌బీ మా చేలకు కూలికొచ్చేది. ఎండాకాలం చివర, ఇంకా తొలకరి పడకముందు, మా ఇంట్లో విత్తనానికి వేరుశనగ కాయలు వొలిపించేవాళ్ళు. ఊళ్ళో మేము వాటిని శెనక్కాయలనే అంటాం. ముందురోజు సాయంత్రం కాయల మీద నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టలు కప్పేవాళ్ళు. అట్లా చేస్తే గింజ పగలకుండా వస్తుంది. పొద్దున్నే ఆ పట్టలు తీస్తే లేచే వాసన, తడి గోనె, మట్టి, పచ్చిగింజ మూడూ కలిసిన వాసన, ఇల్లంతా కమ్ముకునేది. సంగటి గెలికే వాసన కూడా దాని కింద అణిగిపోయేది. పన్నెండు మంది దాకా ఆడవాళ్ళు వసారాలో గోడకు ఆనుకుని, ఎవరి కుప్ప వాళ్ళు ముందర పోసుకుని కూర్చునేవాళ్ళు. బొటనవేలితో నొక్కితే టప్పుమని కాయ పగిలేది. నాలుగు రోజులకు వాళ్ళ బొటనవేళ్ళ చర్మం ఊడి ఎర్రగా కనబడేది. మధ్యాహ్నం అందరికీ సంగటీ, ఊరుబిండి పచ్చడీ పెట్టేవాళ్ళు. సాయంత్రం గింజలు కొలిచి మూటకట్టేవాళ్ళు.

ఈ పని మీద పెత్తనం మా జేజిది, అంటే మా నాయన వాళ్ళమ్మది. వసారా మధ్యలో ముక్కాలిపీట వేసుకుని, వక్కాకు నములుతూ, పొద్దుగూకేదాకా కదిలేది కాదు. ఆడవాళ్ళు పాడుతూ వొలిచేవాళ్ళు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. పాట సన్నగిల్లితే జేజి వక్కాకు దవడకు తోసి, "ఎవురే ఆడ గొంతు నిలిపింది? పాడండి, పాడండి" అనేది. ఒక పాట అయిపోతే ఊపిరి తీసుకోనిచ్చేది కాదు, ఇంకోటి ఎత్తమనేది. అందరిలోకీ హుసేన్‌బీ గొంతు పెద్దది. సన్నటి మనిషి, ఆ గొంతు ఆమెలో యాడ పట్టిందో అని మా అమ్మ అంటుండేది. ఇంక నేను. దుమ్ముకు తుమ్ములొస్తాయని వసారాలోకి వచ్చేదాన్నే కాదు. లోపల కిటికీ దగ్గర మంచం మీద బోర్లా పడుకుని వారపత్రికలో సీరియల్ చదువుకునేదాన్ని. ఆ పాటలు నాకు గోడగడియారం చప్పుడుతో సమానం. ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు. అయితే ఒకటి మాత్రం గట్టిగా నమ్మేదాన్ని, మా జేజికి పాటలంటే ప్రాణమని.

ఎం.ఏ. తెలుగుకు మాబున్నికీ నాకూ ఒకేసారి సీటు వచ్చింది. కడపలో ఒకే హాస్టల్, ఒకే గది. మా నాయన "మనూరి పిల్ల తోడుండాది" అని ధైర్యంగా పంపాడు. మొదటి నెలలోనే నాకు అర్థమైపోయింది, తోడున్నది ఆమెకు నేను కాదు, నాకు ఆమె అని. ఇంటి నుంచి నాకు డబ్బాల నిండా నిప్పట్లు, నువ్వులుండలు వచ్చేవి. గదిలోకి అమ్మాయిలంతా వచ్చి కూర్చునేవాళ్ళు, నా నిప్పట్లు తినేవాళ్ళు, మాబున్ని మాటలు వినేవాళ్ళు. వాళ్ళూరి మునసబు ఎట్లా నడుస్తాడో, సంతలో బర్రెల బేరం ఎట్లా జరుగుతుందో ఆమె చెబుతుంటే కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఊరు నాదీ కదా! ఆ మునసబును నేనూ చూశాను కదా! నేను చెప్పబోతే మాత్రం ఎవరో ఒకరు "సరోజా, ఇంగో నిప్పట్టుందా?" అని అడిగేవాళ్ళు. క్లాసులో అయితే చెప్పనే అక్కర్లేదు. మా శాఖాధ్యక్షుణ్ణి మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయన ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. అట్లాంటాయన మాబున్ని జవాబు కాగితాన్ని క్లాసులో రెండుసార్లు చదివి వినిపించాడు. నాకు ఆమె కంటే మూడు మార్కులు ఎక్కువే వచ్చాయి. నా కాగితం మాత్రం మడిచి చేతికిచ్చాడు. ఆ మూడు మార్కులు ఏం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా!

రెండో ఏడాది చివర్లో సిద్ధాంత వ్యాసం రాయాలి. దానికి అంశం కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ మధ్య మా పక్కింటమ్మాయి సోఫాలో కూర్చుని ఫోన్‌లో అంశాల పట్టిక చూసి, వేలితో నొక్కి, అంశం వచ్చేసిందత్తా అని చూపించింది. ఇంకా టీ చల్లారలేదు. మా రోజుల్లో అది కోర్టు వ్యవహారం. అరఠావు కాగితం మీద అంశమూ, అది ఎందుకు కావాలో ఒక పేజీ వివరణా రాసి, ఫలానా రోజు పెద్దసారు గదిలో అందరి ఎదుటా ఇవ్వాలి. జానపదం తీసుకునేవాళ్ళకు ఇంకో షరతు ఉండేది. ఊరికి పోయి సేకరించిన దాంట్లో కనీసం యాభై పాటలో, కథలో, సామెతలో నోటుబుక్కులో రాసుకొచ్చి చూపించాలి. "సాక్ష్యం లేకుండా నా దగ్గరికి రావద్దు" అనేవాడాయన. ఒకే అంశం ఇద్దరడిగితే, ఎవరి నోటుబుక్కులో సరుకుంటే వాళ్ళది.

నేను కావ్యనాయికల మీద ఏదో రాద్దామని లైబ్రరీలో తిరుగుతున్నాను. ఒక మధ్యాహ్నం గదికొస్తే మాబున్ని లేదు. బల్ల మీద ఆమె దరఖాస్తు చిత్తుప్రతి ఉంది. 'శెనక్కాయలు వొలిచే ఆడవాళ్ళ పాటలు' అని పైన రాసి, కింద మా ఊరి పేరు రాసింది. నేను నిలబడే ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఒళ్ళు వేడెక్కింది. అవి మా వసారాలో పాటలు. మా కాయలు, మా గోనెపట్టలు, మా జేజి. పదేళ్ళు కిటికీ అవతల మోగుతుంటే చెవిన పెట్టని దాన్ని, ఇంకొకరు కావాలని అడిగేసరికి నా సొత్తు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు అయిపోయాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు మా ఇంటి పుల్లకూరే, పొరుగామె గిన్నె పట్టుకొచ్చినాక గానీ రుచి తెలియలేదు. అంతకంటే ఎక్కువ మండిన సంగతి ఇంకోటి ఉంది. అంత మంచి అంశం నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

ఆ సాయంత్రం మాబున్ని తానే చెప్పింది. ఆమె నా దగ్గర ఏదీ దాచేది కాదు. "మొన్న ఊరికి పోతి గదా, మాయమ్మను పాడమంటే పాడనంటాంది మే" అంది. "ఎందుకంట?" అన్నాను. "'పగలంతా ఆ పెద్దింట్లో పాడి పాడి గొంతు కాలిపోతాంటే ఇంటికొచ్చి గూడా పాడల్లనా, నన్ను పండుకోనీ' అనింది. ఇంట్లో ఎప్పుడూ పాడిందే లేదు ఆమె. నేను పిల్లప్పుడు గూడా జోలపాట పాడలేదంట. ఎట్ల మే, యాభై పాటలు యాడ తెచ్చేది?" అని నవ్వుతూనే అంది గానీ కళ్ళలో దిగులుంది. ఆమెకు ఆ అంశం మీద ఎంత ఆశో నాకు తెలుసు. మార్కుల కోసమో, పెద్దసారు మెప్పు కోసమో కాదు. వాళ్ళమ్మ పేరు ఒక పుస్తకంలో అచ్చులో చూడాలని. ఆ మాట కూడా నాతోనే చెప్పింది. "చూద్దాంలేమే" అన్నాను నేను.

చూడటం కాదు, మరుసటి రోజే ఊరికి బస్సెక్కాను. అప్పటికి మా ఇంట్లో కాయలు వొలవడం మొదలైంది. మా అన్నకు పెండ్లిలో వచ్చిన టేప్‌రికార్డర్ ఉండేది, మాబున్నికి అటువంటి సౌకర్యం యాడుంది? నాలుగు రోజులు దుమ్ములో, తుమ్ముకుంటూ, వసారాలో కూర్చున్నాను. జేజి ఆశ్చర్యపడింది. "ఏందే, ఈ పొద్దు సూర్యుడు పడమట పొడిచినాడా?" అంది. పాటలు కావాలని చెప్పాను. అంతే, జేజి ఒక్క కేక వేసింది. హుసేన్‌బీ పాడింది. ఒకదాని వెంట ఒకటి.

మట్టిలోన పుట్టి మాణిక్యమైతివే
ఎర్రరైక తొడిగి ఎవరింటికే

అని ఆమె ఎత్తుకుంటే అందరూ 'ఎవరింటికే' దగ్గర అందుకున్నారు. వెన్నులో జలదరించింది నాకు. ఇంత అందమైనది ఇన్నేళ్ళు పక్కనుంటే నేనేం చదువుకున్నాను అని సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా రెండు నిమిషాలే. ఆ తర్వాత పెద్దసారు ఈ పాట విని ఏమంటాడో అని ఊహించుకోవడం మొదలుపెట్టాను.

ఆఖరి రోజు పాటలైపోయాయి. మిగతావాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయారు. హుసేన్‌బీ ఒళ్ళో పడిన పొట్టు దులుపుకుంటూ నా దగ్గరకొచ్చి నిలబడింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది, నేను చూసుకోలేదు. "పాపా, మా మాబున్ని గూడా ఇవే పాటలు అడిగింది. పాడనంటి. నేను శానా అలిసిపోయింటి ఆ పొద్దు. మొగం చిన్నబుచ్చుకోని పాయ. ఇంట్లో ఒగదాన్నే కూసోని పాడాలంటే నాకు రాదు పాపా, కాయ చేతిలో లేకుంటే పాట రాదు. ఇవి దానికీ ఇయ్యి పాపా" అంది. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. నేను ఆ గుడ్డ వైపు చూస్తూ, "ఇస్తాలే హుసేన్‌బీ" అన్నాను. అప్పుడు కనబడింది, టేపు తిరుగుతోందని. మీట నొక్కి ఆపేశాను.

హాస్టల్‌కు తిరిగొచ్చి, మాబున్ని పడుకున్నాకా, ఆమె లైబ్రరీకి పోయినప్పుడూ, పాటలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. అరవైరెండు తేలాయి. దరఖాస్తు కూడా రాశాను. వివరణలో 'మా నాయనమ్మ గొప్ప జానపద కళాభిమాని. శ్రామిక స్త్రీల చేత స్వయంగా పాడించి, పాటలను బతికించుకుంటున్న ఇల్లాలు' అని ఒక వాక్యం వేశాను. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. మాబున్ని మధ్యలో ఒక ఆదివారం ఊరికి పోయొచ్చింది. వచ్చినప్పటి నుంచి దిగులేమీ లేకుండా హుషారుగా ఉంది. వేరే ఎవరి దగ్గరైనా పాటలు దొరికాయేమోనని నాకు భయం పట్టుకుంది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. రెండుమూడుసార్లు నా వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో అని తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను.

ఇక ఆ రోజు. పెద్దసారు గదిలో బల్ల చుట్టూ మేము పద్నాలుగు మందిమి. ఆయన కాగితాలు ఒక్కొక్కటే తీసి అంశం చదువుతున్నాడు. నాది చదివాడు. దాని కింద ఇంకో కాగితం చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఇదేందమ్మా, ఒకే ఊరు, ఒకే గది, ఒకే అంశం. మాట్లాడుకోని రాలేదా మీరు?" అన్నాడు. మాబున్ని నా వైపు తిరిగింది. నేను కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూశాను. "సరే, సాక్ష్యం పెట్టండి" అన్నాడాయన. నేను నోటుబుక్కూ, పక్కన క్యాసెట్టూ పెట్టాను. మాబున్ని ఆ క్యాసెట్టు వైపు చూసింది. తర్వాత తన నోటుబుక్కు పెట్టింది. ఆయన తెరిచాడు. మొదటి పేజీలో అంశం పేరుంది. రెండో పేజీలో, మధ్యలో, 'హుసేన్‌బీ' అని ఉంది. తర్వాతవన్నీ తెల్లకాగితాలు. "ఏమ్మా, మీయమ్మ పాడుతుందంటివే?" అన్నాడు. "ఇంట్లో పాడదు సార్" అంది.

ఆయన నా నోటుబుక్కు చాలాసేపు తిప్పాడు. మొదటిసారి నా కాగితాల మీద అంతసేపు ఆయన చూపు నిలిచింది. నా గుండె ఉప్పొంగింది. తర్వాత నా వివరణ చదివి, "బాగుంది. సరోజా, ఒక్కటి చెప్పు. వీళ్ళు ఎందుకు పాడతారు?" అన్నాడు. ఇంత సులభమైన ప్రశ్నా అనుకున్నాను. పాఠ్యపుస్తకాల్లో వంద చోట్ల ఉన్న జవాబే. "శ్రమ మరిచిపోవడానికి సార్" అన్నాను. అందరూ తలలూపారు. అప్పుడు మాబున్ని, గొంతు పెంచకుండా, ఎవరి వైపూ చూడకుండా అంది.

"గింజలు తినకుండా సార్."

"అంటే?"

"ఇత్తనం గింజలు సార్. వొలిచేటోళ్ళకు ఆకలైతాది, నోట్లో ఏసుకుంటారు. పాడే నోరు తినలేదు గదా. అందుకని పాడిస్తారు. పాట ఆగితే ఎవురో నములుతాండారని లెక్క. అన్ని పెద్దిండ్లలోనూ అంతే సార్, సరోజోళ్ళ ఇల్లొగటే కాదు."

ఆ చివరి మాట నన్ను కాపాడటానికే అంది. అది నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. పెద్దసారు నా కాగితం మీద 'జానపద కళాభిమాని' దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఆయన ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. "నియమం నియమమే. అంశం సరోజకిస్తున్నా. ఆ పిల్ల చెప్పిన మాట నీ వ్యాసంలో రాయి. ఎవరు చెప్పారో పేరు పెట్టి రాయి" అన్నాడు. మాబున్ని అక్కడికక్కడే కాగితం అడిగి, 'సామెతల్లో ఆకలి' అని రాసిచ్చింది. వారంలో యాభై సామెతలు తెచ్చింది. వాటికి ఎవరింటి వసారా అక్కర్లేదు కదా.

సెలవులకు పోయినప్పుడు జేజిని నిలదీశాను. కోపమంతా ఆమె మీదకు మళ్ళించాను. "తినకుండా ఉండాలనా పాడించేదానివి?" అని అరిచాను. ఆమె వక్కాకు నమలడం ఆపకుండా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మరి? ఇత్తనానికి పెట్టింది తిని కూసుంటే, వాన పడినాక చేన్లో ఏం చల్లుతావు, పాటలా?" అంది. ఆమె మాటలో దాపరికం లేదు, సిగ్గూ లేదు. కరువులు చూసిన మనిషి. తప్పు చేస్తున్నానని ఆమెకెప్పుడూ అనిపించలేదు. మధ్యాహ్నం సంగటి పెట్టేటప్పుడు హుసేన్‌బీకి ఇంకో ముద్ద వేసేది కూడా ఆమే. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా, ఆమెను ఏ గాటన కట్టాలో నాకు తేలలేదు.

మాబున్ని చెప్పిన మాట నేను వ్యాసంలో రాయలేదు. 'శ్రమ మరిచిపోవడానికే పాడతారు' అనే రాశాను. తెలియక కాదు, ఆమె పేరు నా వ్యాసంలో పెట్టడం ఇష్టం లేక. పెద్దసారు దిద్దేటప్పుడు అక్కడ పెన్సిల్‌తో ఒక సున్న చుట్టాడు. అంతే. ఆ వ్యాసంతో నాకు డిగ్రీ వచ్చింది, పాటల మీద పనిచేసిందని ఇంటర్వ్యూలో మెచ్చుకుని కర్నూలులో లెక్చరర్ ఉద్యోగమూ ఇచ్చారు. బీరువాలో దాని ప్రతి చెదలు పట్టింది. మాబున్ని బడిపంతులమ్మగానే రిటైరైంది. జీతం తక్కువ, ఇల్లు చిన్నది. కానీ 'సామెతల్లో ఆకలి' జిరాక్సు ప్రతులు ఇప్పటికీ పిల్లలు చేతులు మార్చుకుంటున్నారు. నా దగ్గర పరిశోధన చేసిన అమ్మాయే ఒకసారి ఆ ప్రతి తెచ్చి, "మేడం, మీరిది చదివినారా, ఎంత బాగుందో" అంది. చదివానన్నాను. నిజంగానే చదివాను, చాలాసార్లు. ఒక్క తప్పైనా దొరకకపోతుందా అని. హుసేన్‌బీ పేరు నా వ్యాసం చివర, పాడినవారి పట్టికలో, ఏడో వరసలో ఉంది.

ఇప్పుడు ఊళ్ళో కాయలు వొలిచే మిషనుంది. కొందరైతే విత్తనం సంచుల్లో కొనుక్కొస్తారు. మా వసారాకు టైల్సు వేశారు. ఎవరూ పాడరు, ఎవరూ పాడించరు. పాటలు పోయాయని నేను సభల్లో బాధపడుతూ మాట్లాడిన రోజులున్నాయి. పోతే పోయాయి, ఇప్పుడు కూలికొచ్చినవాళ్ళు నోరూరితే నాలుగు గింజలు తిని నీళ్ళు తాగుతున్నారు, ఎవరూ గొంతు వినబడలేదేమని అడగడం లేదు. ఈ మాట సభలో అనడానికి నాకు ధైర్యం చాలలేదు. అంటే, ఇది మీకెవరు చెప్పారని అడుగుతారు.

మాబున్ని పదకొండు గంటలకు షేర్ ఆటో దిగి వచ్చింది. అవే అడుగులు, టకటకా. జుట్టు నెరిసింది గానీ మనిషి వంగలేదు. నా జ్ఞాపికల వైపు చూసి, "అబ్బ, ఎన్నుండాయి మే!" అని మనస్ఫూర్తిగా అంది. సంతోషపడ్డాను, వెంటనే ఆమె సంతోషానికి కుళ్ళుకున్నాను. కాఫీ తాగినాక ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ కూర్చోవడం చూడలేక నేనే లేచి, చీరల అడుగు నుంచి క్యాసెట్టు తీసుకొచ్చి, పాత టేప్‌రికార్డర్‌లో పెట్టాను. "చెడిపోలేదు మాబున్నీ. అబద్ధం చెప్పినా" అన్నాను. ఆమె తలూపింది.

గరగర తర్వాత హుసేన్‌బీ గొంతు లేచింది. మాబున్ని రెండు చేతులతో నోరు మూసుకుంది. మధ్యలో జేజి "ఎవురే ఆడ గొంతు నిలిపింది?" అన్నప్పుడు మాత్రం ఆమె మొహం బిగుసుకుంది. నేను ఆపేయొచ్చు. చివరి పాట దగ్గర చేయి మీట మీదకు పోయింది కూడా. ఆపలేదు. పాట అయింది. పొట్టు దులిపిన చప్పుడు. "పాపా, మా మాబున్ని గూడా ఇవే పాటలు అడిగింది..." అని మొదలై, "ఇవి దానికీ ఇయ్యి పాపా" అని ముగిసింది. తర్వాత నా గొంతు. తర్వాత ఏమీ లేదు. నేను నేల వైపు చూస్తూ, ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే ఎంత హాయిగా ఉండేదో.

"నాకు తెలుసు మే" అంది మాబున్ని. "ఆ ఆదివారం ఊరికి పోతి గదా. మాయమ్మ చెప్పినాది, సరోజ వచ్చి పాటలన్నీ పట్టుకోని పోయింది, నీకిస్తాది అని. నేను నీతో చెప్పుకుంటి గదా అమ్మ పాడనంటాందని. నా కోసరమే పోయింటావనుకుంటి."

అప్పుడు అర్థమైంది, ఆ వారమంతా ఆమె నన్ను చూసి ఎందుకు నవ్విందో. "మరి ఒక్కసారైనా అడగకపోతివేమే? అడిగింటే ఇచ్చుండేదాన్నేమో" అన్నాను.

"మాయమ్మ అడగమనలేదు. ఇస్తాదనింది" అంది.

ఆమె తెలివికీ, మాటకారితనానికీ కుళ్ళుకుంటున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఒక మనిషిని అంత నమ్మి, నోరు తెరిచి అడగకుండా, తెల్లకాగితాలు పట్టుకుని పెద్దసారు గదిలోకి రావడం నా జన్మలో నేను చేయలేదు, చేయలేను కూడా. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నాకు కుళ్ళు పుట్టించింది అదే, అది కూడా నా మీద పెట్టుకున్న నమ్మకమే. "తప్పయిపాయ మాబున్నీ" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అరవై దాటాల్సి వచ్చింది. ఆమె నా చేతిని తట్టి, కళ్ళు తుడుచుకుంది.

"మాయమ్మ మాట్లాడింది గదా, ఆడికి తిప్పి ఇంగోసారి పెట్టుమే" అంది.

వెనక్కి తిప్పి పెట్టాను. ఇవి దానికీ ఇయ్యి పాపా, అని హుసేన్‌బీ అడిగింది. "ఇస్తాలే హుసేన్‌బీ" అని ఇరవైరెండేళ్ళ నా గొంతు, ఎక్కడా తడబడకుండా, మళ్ళీ చెప్పింది.